సంక్షోభం ఏ దారిన వస్తుంది: టోక్యో సదస్సు నుంచి బసంత్‌నగర్ దాకా

2009 ఫిబ్రవరి 18న టోక్యోలో ఒక సదస్సు జరిగింది. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఇంటర్నేషనల్ మానిటరీ అఫైర్స్ అనే పరిశోధన సంస్థ దాన్ని ఏర్పాటు చేసింది. ప్రపంచ ఆర్థిక సంక్షోభం, దానివల్ల ఆసియా దేశాలకు ఎదురవుతున్న సవాళ్లు అక్కడ చర్చకు పెట్టిన విషయం. భారతదేశం సంగతి చెప్పింది అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ దువ్వూరి సుబ్బారావు. ఆయన ఏలూరులో పుట్టారు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నారు. 1972లో ఐఏఎస్‌కు దేశంలోనే మొదటి స్థానంలో ఎంపికై, తర్వాత ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ కార్యదర్శిగా పనిచేశారు. 2008 సెప్టెంబరు 5న గవర్నర్ పదవి చేపట్టారు. సరిగ్గా పది రోజులకు, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది.

టోక్యోలో ఆయన జవాబు చెప్పవలసిన ప్రశ్న చిన్నదేం కాదు. అమెరికాలో ఇళ్ల మీద ఇచ్చిన అప్పులు మునిగితే భారతదేశానికి దెబ్బ ఎందుకు తగలాలి? ఆ అప్పుల మీద పుట్టించిన పత్రాలను మన బ్యాంకులు దాదాపుగా ముట్టుకోలేదు. మన ఎదుగుదలకు ఎగుమతుల కంటే దేశంలోని గిరాకీయే ఎక్కువ ఊతం. అంతకు కొద్ది నెలల ముందు దాకా పేరున్న ఆర్థికవేత్తలు చాలామంది అమెరికా తడబడినా ఆసియా తన దారిన తాను నడుస్తుందని నమ్మారు. ఆ నమ్మకం ఎందుకు నిలవలేదో సుబ్బారావు రెండు లెక్కలతో చూపించారు. 1997-98లో మన సరుకుల ఎగుమతులు, దిగుమతులు కలిపి జీడీపీలో 21.2 శాతం. 2007-08 నాటికి అది 34.7 శాతమైంది. అంతకంటే ముఖ్యమైనది రెండో లెక్క. సరుకులు, సేవలు, పెట్టుబడులు, అప్పులు అన్నీ కలిపి దేశపు సరిహద్దు దాటి వచ్చిపోయే సొమ్ము అదే పదేళ్లలో జీడీపీలో 46.8 శాతం నుంచి 117.4 శాతానికి పెరిగింది. దేశం ఏడాది పొడవునా ఉత్పత్తి చేసే విలువను మించిన సొమ్ము సరిహద్దు దాటి అటూ ఇటూ తిరుగుతోందన్నమాట.

సంక్షోభం మన దేశంలోకి మూడు దారుల్లో వచ్చిందని ఆయన వివరించారు. మొదటిది డబ్బు దారి. రెండోది సరుకుల వ్యాపారం. మూడోది నమ్మకం.

వీటిలో డబ్బు దారినే కాస్త నిదానంగా చూడాలి. 2003 నుంచి 2008 దాకా మన పెద్ద కంపెనీలు విదేశాల్లో చవక వడ్డీకి అప్పులు తెచ్చుకోవడానికి బాగా అలవాటు పడ్డాయి. లేమన్ కూలిన మర్నాటి నుంచి ఆ అప్పు పుట్టడం ఆగిపోయింది. కంపెనీలు దేశంలోని బ్యాంకుల తలుపు తట్టాయి, మ్యూచువల్ ఫండ్లలో దాచుకున్న సొమ్మును ఒక్కసారిగా తీసేసుకున్నాయి. ఆ ఫండ్లు అప్పటికే ఫైనాన్స్ కంపెనీలకు అప్పులిచ్చి ఉన్నాయి. ఫండ్లకు ఊపిరాడకపోయేసరికి ఫైనాన్స్ కంపెనీలకూ ఆడలేదు. మరోపక్క విదేశీ మదుపరులు షేర్లు అమ్ముకుని డాలర్లు పట్టుకుపోతున్నారు. రూపాయి మరీ పడిపోకుండా రిజర్వ్ బ్యాంకు డాలర్లు అమ్మింది. డాలరు అమ్మిన ప్రతిసారీ అంత విలువైన రూపాయలు మార్కెట్లోంచి రిజర్వ్ బ్యాంకుకు వెళ్లిపోతాయి. ఇన్ని వైపుల నుంచి లాగడంతో అక్టోబరు రెండో వారంలో, బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు మీద వడ్డీ సుమారు 20 శాతానికి ఎగబాకింది. అమెరికా ఇళ్ల పత్రం ఒక్కటి కూడా కొనని బ్యాంకు సైతం ఆ రాత్రి రొక్కం కోసం వెతుక్కోవలసి వచ్చింది.

రిజర్వ్ బ్యాంకు వేగంగానే కదిలింది. బ్యాంకులు తన దగ్గర ఉంచవలసిన నగదు నిల్వను 9 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాలిక అప్పు మీద వడ్డీ అయిన రెపో రేటును 9 శాతం నుంచి దించుకుంటూ 2009 ఏప్రిల్ నాటికి 4.75 శాతానికి తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2008 డిసెంబరు 7న, 2009 జనవరి 2న, మళ్లీ ఫిబ్రవరి 24న పన్నులు తగ్గించి, ఖర్చు పెంచి ఊతమిచ్చే చర్యలు ప్రకటించింది. ఏటా 9 శాతం మేర పెరుగుతున్న ఆర్థిక వ్యవస్థ 2008-09లో 6.7 శాతానికి తగ్గింది. కూలిపోలేదు.

సదస్సుల్లో జరిగే పని

టోక్యోలో జరిగింది ఆహ్వానం మీద ప్రసంగించే సదస్సు. విద్యా సంస్థలు, కేంద్ర బ్యాంకులు నడిపే పరిశోధన సదస్సుల తీరు కొంచెం వేరు. నిర్వాహకులు చాలా నెలల ముందే ఒక ప్రశ్నను ప్రకటించి, దాని మీద పరిశోధన పత్రాలు పంపమంటారు. వచ్చినవాటిని నిపుణులు చదివి వడపోస్తారు. ఎంపికైన పత్రాన్ని రచయిత సభలో ఇరవై, ముప్పై నిమిషాల్లో వివరిస్తాడు. ఆ వెంటనే మరొకరు లేచి ఆ పత్రంలో లెక్క ఎక్కడ తప్పింది, ఏ ఆధారం చాలదు, ఇదే అంకెకు మరో అర్థం చెప్పవచ్చా అని వరుసగా నిలదీస్తారు. ఆ మనిషి పత్రాన్ని ముందే చదువుకుని సిద్ధపడి వస్తాడు. తప్పు వెతకడమే అతనికి అప్పగించిన పని. ఈ రెండో మనిషి లేని సదస్సు ఉపన్యాసాల సభే అవుతుంది. రిజర్వ్ బ్యాంకు తన 75 ఏళ్ల పండుగ సందర్భంగా 2010 ఫిబ్రవరి 12, 13 తేదీల్లో ముంబైలో తొలి అంతర్జాతీయ పరిశోధన సదస్సు జరిపినప్పుడు ఎంచుకున్న అంశం కూడా ఇదే: ఆర్థిక సంక్షోభం నేపథ్యంలో కేంద్ర బ్యాంకుల ముందున్న సవాళ్లు.

ఇలాంటి సభలు సంక్షోభాన్ని ముందే పసిగట్టలేదా అంటే, పసిగట్టిన వాళ్లు ఉన్నారు. అమెరికాలోని కాన్సాస్ సిటీ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఏటా ఆగస్టులో జాక్సన్ హోల్ అనే కొండ లోయలో సదస్సు నడుపుతుంది. 2005లో ఆ సభ అప్పటి అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్‌కు వీడ్కోలు వేడుక లాంటిది. అప్పట్లో అంతర్జాతీయ ద్రవ్యనిధి ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న రఘురామ్ రాజన్ అక్కడ ఒక పత్రం చదివారు. ఆర్థిక రంగంలో వస్తున్న కొత్త పోకడలు ప్రపంచాన్ని మరింత ప్రమాదంలోకి నెట్టాయా అన్నది ఆయన ప్రశ్న. లాభం వస్తే వాటా ఇచ్చి, నష్టం వస్తే ఏమీ అడగని జీతాల పద్ధతి వల్ల మేనేజర్లు అరుదుగా వచ్చే పెద్ద ప్రమాదాలను కప్పిపెట్టి నెత్తికెత్తుకుంటారని, ఆ ప్రమాదం ఎదురైన నాడు బ్యాంకులు ఒకదాన్నొకటి నమ్మడం మానేస్తాయని ఆయన హెచ్చరించారు. సభలో మెచ్చుకున్నవాళ్లు తక్కువ. అమెరికా మాజీ ఆర్థిక మంత్రి లారెన్స్ సమ్మర్స్ ఆ వాదనను కొత్త యంత్రాలంటే గిట్టని పాతకాలపు ధోరణితో పోల్చారు. మూడేళ్లకు రాజన్ చెప్పినట్టే జరిగింది.

అదే జాక్సన్ హోల్‌లో 2008 ఆగస్టు మూడో వారంలో, లేమన్ కూలడానికి మూడు వారాల ముందు, గ్యారీ గోర్టన్ అనే ఆచార్యుడు అసలు ఏం జరుగుతోందో విడమరిచి చెప్పారు. ఇళ్ల అప్పులను కట్టలు కట్టి పత్రాలుగా మార్చారు. ఆ పత్రాలను ముక్కలు చేసి మళ్లీ కట్టలు కట్టారు. ఆ గొలుసు ఎంత పొడుగైందంటే, చివరి పత్రం కొన్నవాడికి దాని అడుగున ఎవరి ఇల్లుందో, వాళ్లు వాయిదా కడుతున్నారో లేదో తెలిసే వీలే లేదు. తెలంగాణ బొగ్గు గనుల కంపెనీ సింగరేణి మనుషులకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అప్పట్లో బొగ్గును అది ఇచ్చే వేడిని బట్టి ఏ నుంచి జీ దాకా గ్రేడులుగా విడదీసేవారు. నాలుగు బాయిల (గనుల) జీ గ్రేడు బొగ్గును తెచ్చి ఒకే కుప్ప పోసినంత మాత్రాన అది ఏ గ్రేడు కాదు. న్యూయార్క్‌లో రేటింగ్ సంస్థలు చేసింది అదే. నాసి అప్పులను కుప్పపోసి, కుప్ప పైభాగానికి అన్నిటికంటే మేలైన ఏఏఏ ముద్ర వేశాయి. బాయిలు నాలుగూ ఒకేసారి మునగవన్నది ఆ ముద్ర వెనుక ఉన్న నమ్మకం. కానీ 2007లో అమెరికా అంతటా ఇళ్ల ధరలు ఒక్కసారే పడ్డాయి.

2008 నవంబరులో బ్రిటన్ రాణి ఎలిజబెత్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లినప్పుడు, ఇంత పెద్ద ముప్పును ఎవరూ ఎందుకు గమనించలేదని అక్కడి ఆచార్యులను అడిగారు. బ్రిటిష్ అకాడమీ 2009 జూన్‌లో ఆర్థికవేత్తలను ఒక చోట కూర్చోబెట్టి చర్చించి, జూలైలో ఆమెకు ఉత్తరం రాసింది. తెలివైన వాళ్లు ఎందరో ఎవరి మూల వాళ్లు చక్కగానే చూసుకున్నా, మొత్తం వ్యవస్థకు పొంచి ఉన్న ప్రమాదాన్ని ఊహించలేకపోయారన్నది ఆ ఉత్తరం సారం. నిజాయితీ గల జవాబే అది.

ముందే కట్టిన గట్టు

భారతదేశంలో ఆ ఊహ చేసినవాళ్లలో మరో తెలుగువారున్నారు. కడప జిల్లా పాటూరులో 1941లో పుట్టిన యాగా వేణుగోపాల్ రెడ్డి 2003 సెప్టెంబరు నుంచి 2008 సెప్టెంబరు దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా ఉన్నారు. భూములు, భవనాల ధరలు మండిపోతున్న రోజుల్లో ఆయన బ్యాంకులకు కళ్లెం వేశారు. వాణిజ్య భవనాలకు వంద రూపాయల అప్పిస్తే దాన్ని వంద రూపాయల ప్రమాదంగానే లెక్కగట్టే పద్ధతిని మార్చి, ముందు 125గా, 2006లో 150గా లెక్కించమన్నారు. అంటే అలాంటి అప్పిచ్చే బ్యాంకు తన సొంత మూలధనాన్ని మరింత పక్కన పెట్టుకోవాలి. అప్పులను పత్రాలుగా మార్చి అమ్ముకునే బ్యాంకు ఆ లాభాన్ని అదే రోజు పద్దులో రాసుకోకుండా, పత్రం కాలవ్యవధి పొడవునా కొంచెం కొంచెంగా రాసుకోవాలని 2006లో నిబంధన పెట్టారు. అమెరికాలో గొలుసును పొడిగించింది ఆ తక్షణ లాభమే. ఆ ఆశే లేకపోతే గొలుసు పెరగదు.

అప్పట్లో బ్యాంకర్లు, స్థిరాస్తి వ్యాపారులు ఆయన్ను అభివృద్ధికి అడ్డుపడుతున్నాడని విసుక్కున్నారు. 2008 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఆ జాగ్రత్తనే మెచ్చుకుంటూ ప్రత్యేక వ్యాసం వేసింది. అంతర్జాతీయ ద్రవ్య వ్యవస్థను సంస్కరించడానికి ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి వేసిన నిపుణుల సంఘంలో రెడ్డి సభ్యులయ్యారు. ఒక గవర్నర్ ముందుచూపుతో గట్టు కట్టాడు. వరద వచ్చాక ఇంకో గవర్నర్ దాన్ని కాపాడాడు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ పరిపాలనలో నలిగి వచ్చినవాళ్లే. తెలుగునాట ఈ సంగతికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

హైదరాబాద్‌లో మాత్రం ఆ గట్టు అన్నిచోట్లా నిలవలేదు. 2008 జూలైలో మేటాస్ సంస్థ నాయకత్వంలోని కూటమి హైదరాబాద్ మెట్రో రైలు టెండరు గెలిచింది. మిగతా కంపెనీలు ప్రభుత్వం నుంచి సాయం అడుగుతుంటే, తామే ప్రభుత్వానికి రూ. 30,311 కోట్లు చెల్లిస్తామన్నది వాళ్ల లెక్క. మెట్రో చుట్టూ కట్టే దుకాణ సముదాయాల మీద వచ్చే ఆదాయమే ఆ లెక్కకు పునాది. రెండు నెలలు తిరిగేసరికి ప్రపంచంలో ఎక్కడా అంత అప్పు పుట్టని రోజులొచ్చాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కంపెనీ ఖాతాల్లో లేని సొమ్మును ఏళ్ల తరబడి ఉన్నట్టు చూపామని ఉత్తరం రాశారు. ఆ లోటును భూములతో పూడ్చడానికి తన కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపించాలని డిసెంబరులో చేసిన ప్రయత్నం, మదుపరులు ఎదురు తిరగడంతో ఒక్క రోజులోనే ఆగిపోయింది. సత్యం మోసానికి కారణం ప్రపంచ సంక్షోభం కాదు. షేర్ల ధరలు, భూముల ధరలు పెరుగుతున్నంత కాలం దాగిన లోటు, అవి పడిపోగానే బయటపడింది. 2009 జూలైలో ప్రభుత్వం మెట్రో ఒప్పందాన్ని రద్దు చేసింది. మేటాస్ ఇన్‌ఫ్రాను ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ చేతిలోకి తీసుకుంది. ఈ సంస్థ పేరు చివర్లో మళ్లీ వస్తుంది.

బొగ్గు బెల్టులో ఆ చలికాలం

సుబ్బారావు చెప్పిన మూడు దారులను తెలంగాణ బొగ్గు బెల్టులోని రామగుండం, గోదావరిఖని, బసంత్‌నగర్ ప్రాంతానికి అన్వయించి చూస్తే లెక్క వేరుగా తేలుతుంది. ఈ ప్రాంతపు పనులన్నీ ఒకదానికొకటి ముడిపడినవి. సింగరేణి బాయిల నుంచి తవ్విన బొగ్గు దగ్గర్లోనే ఉన్న ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి, దానికోసమే వేసిన ప్రత్యేక రైలు మార్గం మీద చేరుతుంది. 1983లో మొదటి యూనిట్‌తో మొదలైన ఆ కేంద్రం 2004 నాటికి 2,600 మెగావాట్లకు ఎదిగింది. బసంత్‌నగర్‌లో 1969లో కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. సున్నపురాయి దగ్గర్లోనే ఉంది, బొగ్గూ దగ్గర్లోనే ఉంది. తయారైన బస్తా రాజీవ్ రహదారి మీద, రైలు మీద దేశంలోని మార్కెట్లకే వెళ్తుంది. ఇక్కడ తయారయ్యే ముఖ్యమైన సరుకేదీ ఓడ ఎక్కేది కాదు. కాబట్టి వ్యాపారం దారి ఇక్కడికి దాదాపుగా మూసి ఉన్నట్టే.

2008లో ప్రపంచ మార్కెట్లో బొగ్గు ధర జూలైలో ఆకాశానికి వెళ్లి, ఆరు నెలల్లో సగం కంటే తక్కువకు పడిపోయింది. సింగరేణి ధర అలా ఎగరనూ లేదు, పడనూ లేదు. కంపెనీ తానే ప్రకటించే ధరకు, విద్యుత్ కేంద్రాలతో చేసుకున్న దీర్ఘకాలిక ఒప్పందాల మీద అమ్ముతుంది. ఉత్పత్తి లెక్కలు చూస్తే ఆ ఏళ్లలో ప్రపంచమంతా ఇబ్బంది పడిందన్న ఆనవాలే కనిపించదు. 2007-08లో 406 లక్షల టన్నులు తీస్తే, 2008-09లో 445 లక్షలు, 2009-10లో 504 లక్షలు తీశారు.

జీతాల సంగతి ఇంకా విచిత్రం. బొగ్గు కార్మికుల ఎనిమిదో వేతన ఒప్పందం 2006 జూలై నుంచి అమలు కావలసి ఉండగా, చర్చలు సాగి సాగి 2009 జనవరిలో సంతకాలయ్యాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతుంటే, బెంగళూరు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్త నియామకాలు ఆపేస్తుంటే, గోదావరిఖనిలో రెండున్నరేళ్ల బకాయిలతో సహా జీతాల పెంపు ఖాయమైంది. కేంద్ర ఉద్యోగులకు ఆరో వేతన సంఘం బకాయిలు కూడా అప్పుడే అందాయి. 2008 బడ్జెట్‌లో ప్రకటించిన రైతు రుణమాఫీ, 2006లో తొలి విడతలోనే కరీంనగర్ జిల్లాకు వచ్చిన ఉపాధి హామీ పథకం పల్లెల్లో చేతి ఖర్చుకు ఆధారమయ్యాయి. సామాజిక భద్రతా పథకాల వల్ల గ్రామీణ గిరాకీ నిలబడిందని సుబ్బారావు టోక్యోలోనే చెప్పారు. సిమెంటుకు కూడా ఇళ్ల పథకాలు, సాగునీటి ప్రాజెక్టుల వల్ల గిరాకీ పెద్దగా తగ్గలేదు.

అయితే ఈ నిబ్బరం ఊరికే రాలేదు. సింగరేణి తన సొంత సంక్షోభాన్ని అంతకు పదేళ్ల ముందే చూసింది. 1992లో ఒకసారి, 1996లో మరోసారి ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. పోగుపడిన నష్టాలు రూ. 1,219 కోట్లకు చేరాయి. కేంద్రం అప్పుల మీద వెసులుబాటు ఇచ్చింది. కంపెనీ కొత్త నియామకాలు తగ్గించింది, స్వచ్ఛంద విరమణ పథకాలు తెచ్చింది, భూగర్భ గనుల నుంచి ఓపెన్ కాస్ట్‌కు మళ్లింది, మట్టి తీసే పనిని కాంట్రాక్టర్లకు ఇచ్చింది. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు 2008 నాటికి 70 వేల దరిదాపులకు వచ్చారు. కంపెనీ లాభాల్లోకి వచ్చింది, మిగిలినవాళ్లకు ఏటా లాభాల వాటా కూడా దక్కింది. 2008ని తట్టుకున్న బలం వెనుక, తండ్రి ఉద్యోగం కొడుక్కు రాని వేల కుటుంబాల లెక్క ఉంది. ఓపెన్ కాస్టులో టిప్పర్ నడిపే కాంట్రాక్టు కార్మికుడికి ఆ ఎనిమిదో వేతన ఒప్పందం వర్తించలేదు. ప్రాంతం నిలబడిందన్నప్పుడు ఎవరు నిలబడ్డారో, ఎవరు పక్కకు జరిగారో కూడా చెప్పాలి. లేకపోతే ఆ మాట సగమే నిజం.

దుబాయి దారి

బొగ్గు బెల్టు చుట్టుపక్కల పల్లెలకు సంక్షోభం వచ్చిన అసలు దారి వేరు. అది దుబాయి దారి. పాత కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి ఏళ్ల తరబడి మనుషులు గల్ఫ్ దేశాలకు కూలికి పోతున్నారు. 2008 చివర దుబాయిలో భవనాల పని ఒక్కొక్కటే ఆగిపోయింది. 2009 నవంబరు 25న దుబాయి ప్రభుత్వ సంస్థ దుబాయి వరల్డ్ తన అప్పుల వాయిదాలకు గడువు అడగడంతో మిగిలిన ఆశ కూడా పోయింది.

ఒక్క మనిషి లెక్క వేసి చూస్తే ఈ దారి ఎంత నిట్టనిలువుగా ఉందో తెలుస్తుంది. వీసాకు, ఏజెంటుకు కట్టడానికి లక్ష రూపాయలు నెలకు నూటికి రెండు రూపాయల మిత్తికి (వడ్డీకి) తెస్తే, ఏడాదికి మిత్తే 24 వేలు. ఇంటికి పంపే మొదటి ఏడాది సొమ్ములో పెద్ద భాగం దానికే పోతుంది. ఏడాదిన్నరలో పని ఆగి తిరిగొస్తే అసలు అలాగే ఉంటుంది, సంపాదన ఉండదు. ఆ అప్పు ఏ బ్యాంకు పద్దులోనూ లేదు కాబట్టి రెపో రేటు 9 నుంచి 4.75కి తగ్గినా ఆ మిత్తి పైసా తగ్గదు. కేంద్ర బ్యాంకు చేతిలో ఉన్న ఆయుధం అక్కడిదాకా రాదు. దేశానికి ప్రవాసులు పంపే సొమ్ము మొత్తం మీద ఆ ఏడాది పెద్దగా తగ్గలేదు. కానీ పని పోయి తిరిగొచ్చేవాడు మిగిలినదంతా ఒకేసారి పంపేస్తాడు, అదీ ఆ మొత్తంలోనే కలుస్తుంది. మొత్తం అంకె నిలకడగా ఉన్నంత మాత్రాన దాని వెనుక ఇళ్లు నిలకడగా ఉన్నాయని కాదు.

ఆలస్యంగా తెరుచుకున్న డబ్బు దారి

సుబ్బారావు చెప్పిన మొదటిది, 2008లో ఈ ప్రాంతాన్ని పెద్దగా తాకని డబ్బు దారి తర్వాతి పదేళ్లలో మెల్లగా తెరుచుకుంది. బసంత్‌నగర్‌కు అది యజమాని అప్పుల రూపంలో వచ్చింది. 1919లో కలకత్తాలో బట్టల మిల్లుగా మొదలైన కేశోరాం కంపెనీ సిమెంటుతో పాటు టైర్ల వ్యాపారం కూడా చేసేది. ఉత్తరాఖండ్‌లోని లక్సర్‌లో అప్పులు తెచ్చి పెద్ద టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది. టైర్ల వ్యాపారం అనుకున్నంత లాభం తేలేదు, వడ్డీ మాత్రం ఆగలేదు. ఒకే కంపెనీ పద్దులో ఉన్నప్పుడు సిమెంటు తెచ్చిన లాభం టైర్ల అప్పుకు వడ్డీగా పోతుంది. బట్టీ బాగా నడిచినా దాన్ని కొత్తగా మార్చుకునే డబ్బు మిగలదు. 2016లో లక్సర్ ఫ్యాక్టరీని రూ. 2,195 కోట్లకు జేకే టైర్‌కు అమ్మారు. అయినా భారం పూర్తిగా దిగలేదు. 2023 నవంబరులో సిమెంటు వ్యాపారాన్ని అల్ట్రాటెక్‌కు ఇవ్వడానికి నిర్ణయమైంది. 52 కేశోరాం షేర్లకు ఒక అల్ట్రాటెక్ షేరు లెక్కన జరిగిన ఆ మార్పు 2025 మార్చి 1న అమల్లోకి వచ్చింది. అదే రాయి, అదే బొగ్గు, అదే కార్మికులు. మారిందల్లా అప్పు, యజమాని.

గని కార్మికుడికి ఆ దారి పీఎఫ్ ద్వారా తెరుచుకుంది. సింగరేణి పే స్లిప్పులో కోతల వరుసలో సీఎంపీఎఫ్ అనే పద్దు ఉంటుంది. బొగ్గు గనుల భవిష్య నిధి అది. 1948 చట్టం కింద ఏర్పడింది, కేంద్ర కార్యాలయం ధన్‌బాద్‌లో, ప్రాంతీయ కార్యాలయాలు గోదావరిఖనిలో, కొత్తగూడెంలో ఉన్నాయి. కార్మికుడి జీతం నుంచి 12 శాతం, యాజమాన్యం నుంచి అంతే సొమ్ము ఇందులో జమవుతుంది. 1998 నుంచి పింఛను పథకం కూడా ఈ సంస్థే నడుపుతోంది. జమైన సొమ్ము ఊరికే ఉండదు. ప్రభుత్వ బాండ్లలో, కంపెనీల బాండ్లలో పెట్టుబడిగా పెడతారు.

2018లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ కూలింది. మేటాస్‌ను ఆదుకున్న సంస్థే అది. సుమారు రూ. 91 వేల కోట్ల అప్పు, వందల సంఖ్యలో అనుబంధ కంపెనీలు. కూలడానికి రెండు నెలల ముందు దాకా దాని మీద ఉన్న ముద్ర ఏఏఏ. మళ్లీ 2008 అక్టోబరు నాటి వరుసే నడిచింది. మ్యూచువల్ ఫండ్లు భయపడి ఫైనాన్స్ కంపెనీలకు అప్పివ్వడం తగ్గించాయి. స్వల్పకాలానికి అప్పు తెచ్చి పదిహేను, ఇరవై ఏళ్ల ఇళ్ల రుణాలిచ్చే కంపెనీలకు ముందుగా ఊపిరాగింది. వాటిలో పెద్దది డీహెచ్ఎఫ్ఎల్. దాని మీదా ఏఏఏ ముద్రే ఉండేది. 2019 జూన్‌లో అది వాయిదా తప్పింది. నవంబరులో రిజర్వ్ బ్యాంకు దాని డైరెక్టర్ల బోర్డును తప్పించి దివాలా చట్టం కిందికి పంపింది. 2021లో పిరమల్ సంస్థ దాన్ని రూ. 34,250 కోట్లకు తీసుకుంది. బాండ్లు కొన్నవాళ్లకు తమ సొమ్ములో కొంత భాగమే తిరిగొచ్చింది.

ఆ బాండ్లు కొన్నవాళ్లలో సీఎంపీఎఫ్ ఉంది. వెయ్యి కోట్ల రూపాయలకు పైగా కార్మికుల సొమ్ము అందులో చిక్కుకుంది. అందులో వందల కోట్లు ఇక రావని రద్దు పద్దు కింద రాసుకోవలసి వచ్చింది. 2008లో మన బ్యాంకులు తప్పించుకున్న దెబ్బే ఇది: పై ముద్ర చూసి, అడుగున ఏ ఇంటి అప్పు ఉందో చూడకుండా కొన్న పత్రం. ఈసారి అది అమెరికా ఇల్లు కాదు, దానికి బలయ్యింది వాల్‌స్ట్రీట్ బ్యాంకూ కాదు.

ఆ నష్టం ఏ ఒక్క కార్మికుడి పాస్‌బుక్కులోనూ కోతగా కనిపించదు. కార్మికుడి ఖాతాలో అసలు అలాగే ఉంటుంది. ఏటా ప్రకటించే వడ్డీ రేటుకు, పింఛను నిధికి ఆధారమైన ఉమ్మడి ఆదాయంలోంచి అది పోతుంది. అంటే ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లు, రిటైరైనవాళ్లు, ధన్‌బాద్ నుంచి గోదావరిఖని దాకా అందరూ కొంచెం కొంచెం పంచుకుంటారు. సీఎంపీఎఫ్ ట్రస్టీల బోర్డులో ప్రభుత్వం, యాజమాన్యాలతో పాటు కార్మిక సంఘాల ప్రతినిధులకూ చోటుంది. నిధిని ఏ బాండులో, ఎవరి సలహా మీద, ఏ రేటింగు చూసి పెట్టారో అడిగి తెలుసుకోవలసింది, తర్వాతి పెట్టుబడికి హద్దులు గీయవలసింది ఆ బల్ల దగ్గరే.